పారిపోయి వచ్చినవారికి తెరచిన తలుపు

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 23:15, 16; యెహోషువ 2:1–16; మత్తయి 25:31–46.



ధర్మశాస్త్రములో చిన్న ఆజ్ఞ యొకటి ఉన్నది. మనము తరచుగా దానిని చదివి దాటిపోవుదుము. యజమానుని చేతిలోనుండి పారిపోయి బానిస యొకడు మన ఊరు చేరినయెడల అతనిని పట్టి తిరిగి పంపరాదు, అతనికి ఇష్టమైన చోట బ్రదుకనియ్యవలెను, అతనిని బాధపెట్టరాదు. ఐగుప్తులో తామే దాసులై యుండిన జనులకు దేవుడిచ్చిన ఆజ్ఞ ఇది. దీనిని అపాయమునకు వెరవక నెరవేర్చిన కొందరినిగూర్చి ఈ నెల ధ్యానింతము.

1. పట్టాలు లేని రైలుమార్గము

అమెరికా దేశపు దక్షిణ రాష్ట్రములలో, ఆఫ్రికానుండి తేబడిన నల్లవారి సంతతిని పశువులవలె కొనుచు అమ్ముచు ఉండిరి. భర్తను ఒక చోటికి, భార్యను ఒక చోటికి, బిడ్డను వేరొక చోటికి అమ్మివేసినను అడుగువారు లేరు. 1865లోగాని ఆ దేశమంతట బానిసత్వము రద్దుకాలేదు. ఉత్తర రాష్ట్రములలో అది అంతకుముందే తొలగిపోయెను. ఇంకను ఉత్తరముననున్న కెనడాలో 1834లో రద్దాయెను. కనుక అనేకులు ధ్రువనక్షత్రమును గురుతుగా చూచుకొనుచు రాత్రివేళ ఉత్తరదిక్కుగా నడచిరి.

దారిలో వారిని దాచి, అన్నము పెట్టి, తరువాతి ఇంటికి చేర్చిన కుటుంబముల వరుసకు ‘భూగర్భ రైలుమార్గము’ అను పేరు వచ్చెను. నిజముగా రైలు లేదు, సొరంగము లేదు. దాచిన ఇంటిని ‘స్టేషను’ అనిరి; దారి చూపినవారిని ‘కండక్టరు’ అనిరి. సాధారణముగా ఒక ఇంటివారికి దగ్గరి ఇండ్లు తప్ప మిగిలినవి తెలియవు. ఒకరు పట్టుబడినను అందరి పేర్లు బయటపడకుండుటకు అది కాపుదలయై యుండెను.

2. దేవుడు వాడుకొనిన మనుష్యులు

హారియెట్ టబ్‌మన్ మేరీలాండు రాష్ట్రములో బానిసగా పుట్టెను. చిన్ననాట ఒక మేస్త్రి వేరొకని మీదికి విసరిన ఇనుప తూనికరాయి ఆమె తలకు తగిలెను. దానివలన జీవితాంతము ఉన్నట్టుండి మగతనిద్ర కమ్ముచుండెను. ఆమెకు చదువు రాదు. 1849లో తప్పించుకొని స్వతంత్రురాలాయెను. అంతటితో తృప్తిపడక, సుమారు 13 మారులు అదే ప్రాంతమునకు వెనుకకు పోయి, దాదాపు 70 మందిని విడిపించి తెచ్చెను. ప్రార్థనయే ఆమె బలము.

డెలవేర్ రాష్ట్రములో థామస్ గారెట్ అను క్వేకరు సంఘస్థుడు ఇనుము వ్యాపారము చేయుచుండెను. 1854 డిసెంబరులో హారియెట్టును ఆమె వెంట వచ్చినవారిలో ఒకడును నడచి నడచి జోళ్లు అరిగిపోయి రాగా, అతడు జోళ్లకై రెండు డాలర్లిచ్చి సాగనంపెను. ఇట్లు పారిపోవువారికి తోడ్పడినందుకు 1848లోనే న్యాయస్థానము అతనికి పెద్ద జరిమానా విధించియుండెను. అప్పటికి అతనికి దాదాపు 60 ఏండ్లు. అయినను అతడు తన పని మానలేదు.

ఇండియానా రాష్ట్రములో న్యూపోర్టు అను చిన్న పల్లెలో లేవీ కాఫిన్, కేథరిన్ అను దంపతులు 1847 వరకు సుమారు 20 ఏండ్లు కాపురముండిరి. నడిరాత్రి తలుపు మెల్లగా తట్టబడిన యెడల కేథరిన్ లేచి పొయ్యి రాజేసి వంట చేయును. ఆ తల్లి చేసినది అంతే. అయితే ఆకలిగొనినవారికి అది ఎంత!

ఫిలడెల్ఫియా పట్టణములో విలియమ్ స్టిల్ అను నల్లజాతి సహోదరుడు వచ్చినవారి పేర్లు, వారి తలిదండ్రుల పేర్లు వ్రాసి భద్రపరచుచుండెను. 1850లో బంధువులను వెదకుచు వచ్చిన యొకని కథ వినుచుండగా, అతడు తన సొంత అన్న పీటరే అని తెలిసెను. తల్లి పారిపోయినప్పుడు వెనుక విడువవలసి వచ్చిన బిడ్డ అతడు.

3. చట్టమా, వాక్యమా?

1850లో అమెరికా ప్రభుత్వము కఠినమైన చట్టము చేసెను. పారిపోయినవారికి సహాయము చేసినవారికి 1,000 డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు చెర. పట్టుబడినవాడు తన పక్షమున సాక్ష్యమిచ్చుటకైనను వీలులేదు. విచారించు అధికారి అతనిని యజమానునికి అప్పగించినయెడల 10 డాలర్లు, విడిచిపెట్టినయెడల 5 డాలర్లు పొందును!

ఇంతకంటె దుఃఖకరమైనది వేరొకటి కలదు. ఆ యజమానులలో అనేకులు ఆదివారమున దేవాలయమునకు పోవువారే. బైబిలును చేతపట్టుకొని బానిసత్వమును సమర్థించిన బోధకులు కలరు. మన నెల్లూరికి మిషనెరీలను పంపిన అమెరికా బాప్టిస్టు సమాజము సహా ఈ సంగతినిబట్టి చీలెను. దాసులుగల యజమానులను మిషనెరీలుగా పంపవచ్చునా అను వివాదముమీద దక్షిణ సంఘములు 1845లో వేరైపోయెను. వాక్యము చేతనుండుట చాలదు. అది మన ఇంటి తలుపు తెరువవలెను.

రాజు మనుష్యులు వెదకుచున్నవారిని రాహాబు మిద్దెమీద దాచెను. యాకోబు తన పత్రికలో దానిని విశ్వాసపు క్రియగా ఎంచెను. చట్టమును తేలికగా మీరుమని దీని భావము కాదు. గారెట్టు శిక్ష తప్పించుకొన పారిపోలేదు, న్యాయస్థానమునందు నిలిచెను. దేవుని ఆజ్ఞకును మనుష్యుల ఆజ్ఞకును పొంతన కుదరనప్పుడు వారు దేవునికి లోబడి, దాని వెల చెల్లించిరి.

4. మనకు పాఠము

మన దేశములో వెట్టిచాకిరి 1976 చట్టముచేత నిషేధింపబడినది. అక్కడ చట్టము పారిపోయినవానికి విరోధముగా ఉండెను. ఇక్కడ అతని పక్షముననే ఉన్నది. అట్లయితే అప్పు క్రింద కట్టుబడిన కూలివాడు, దెబ్బలు తాళలేని కోడలు, ఇటుకబట్టీనుండి తప్పించుకొనిన పిల్లవాడు మన గుమ్మము ఎక్కినప్పుడు మనమేమి చెప్పుదుము? “పెద్దరైతు కోపపడును, మనకెందుకు?” అందుమా?

దారి అంతయు మనమే నడిపింప నక్కరలేదు. ఒక పూట అన్నము, ఒక రాత్రి చోటు, అధికారుల యొద్దకు తోడు, నోటికి కాపుదల: మన వంతు ఇంతే. తరువాతి ఇల్లు దేవుడు సిద్ధపరచును. అట్టి అల్పులకు చేసినది తనకే చేసినట్టు ప్రభువు ఎంచును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన ఊరిలో భయముతో పారిపోవువారు మొదట ఎవరి తలుపు తట్టుదురు? మన తలుపు తట్టుదురా?
2. మన సంఘములో దాచవలసిన సంగతి దాచగలవారెందరు?

ప్రార్థన: తండ్రీ, మమ్మును దాస్యమునుండి విడిపించితివి. మా తలుపులను మా హృదయములను తెరువుము. ఆమేన్.