బాణం వెనక్కి తిరుగుతుందా? సారపాక మిల్లు చెప్పే కెమిస్ట్రీ, మాత్రికల పాఠం



ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్తుంటే గోదావరి వంతెన ఎక్కకముందే సారపాక వస్తుంది. జామాయిల్, సుబాబుల్ కర్రతో అక్కడి కాగితపు మిల్లుకు వెళ్లే లారీలను మీరు చూసే ఉంటారు. మీలో కొందరు ఆ కర్ర పండించే రైతులే కావచ్చు. ఇంటర్ గానీ, పన్నెండో తరగతి గానీ చదివే బిడ్డ ఇంట్లో ఉంటే ఈ నెల పాఠం ఇద్దరూ కలిసి చదవండి.

పిల్లలు మ్యాథ్స్‌లో మాత్రికలు చదువుతారు, కెమిస్ట్రీలో రసాయన గతిశాస్త్రం చదువుతారు. పుస్తకాలు వేరు, సార్లు వేరు. రెండింటిలోనూ ఉన్నది ఒకే బొమ్మ అని చాలామందికి తెలియకుండానే పరీక్ష అయిపోతుంది.

క్రాఫ్ట్ పద్ధతిలో కర్ర ముక్కలను సోడియం హైడ్రాక్సైడ్, సోడియం సల్ఫైడ్ ఉన్న ద్రావణంలో సుమారు 160–170 డిగ్రీల వేడిలో ఉడికిస్తారు. నారను అంటిపెట్టుకున్న లిగ్నిన్ కరిగి, గుజ్జు మిగులుతుంది. ఇంకా ఉడికిస్తే సెల్యులోజ్ కూడా తెగిపోయి గుజ్జు బలం తగ్గుతుంది. బాణాలతో గీస్తే: కలప → గుజ్జు → పాడైన గుజ్జు. ఏ బాణమూ వెనక్కి రాదు. ఇలాంటిదే ఎసైక్లిక్, అంటే చక్రం లేని నిర్మాణం.

ఇప్పుడు మూడు అడ్డు వరుసలు, మూడు నిలువు వరుసల మాత్రిక రాయించండి. బాణం ఉన్నచోట 1, లేనిచోట 0. దాన్ని దానితోనే గుణిస్తే రెండు అడుగుల్లో ఎక్కడికి చేరవచ్చో తెలుస్తుంది: కలప నుంచి పాడైన గుజ్జుకు, ఒక్కటే 1 మిగులుతుంది. మూడు అడుగులకు దారే లేదు కాబట్టి మరోసారి గుణిస్తే అన్నీ సున్నాలే. బీజగణితంలో దీన్ని నిల్‌పొటెంట్ మాత్రిక అంటారు. చక్రం లేని ఏ బొమ్మకైనా, ఎంత పెద్దదైనా, ఇదే జరుగుతుంది.

దీనివల్ల కెమిస్ట్రీలో పెద్ద సౌకర్యం ఉంది. సమీకరణాలను మొదటి నుంచి ఒకదాని తర్వాత ఒకటి సాధించుకుంటూ పోవచ్చు. లెక్క కోసం రెండు చర్యలూ మొదటి క్రమాంకానివనీ, మొదటి దాని రేటు స్థిరాంకం రెండో దానికి రెట్టింపనీ అనుకుందాం. గుజ్జు అత్యధికంగా ఉన్న క్షణంలో కలప నాలుగో వంతు, గుజ్జు సగం, పాడైనది నాలుగో వంతు. ఆపాల్సింది అక్కడే. నిజం మిల్లులో లెక్క ఇంత సులువు కాదు, కానీ ఎప్పుడు ఆపాలన్న ప్రశ్న ఇదే.

ఇక ఆ ద్రావణం సంగతి. ఉడికించడానికి వాడేది వైట్ లిక్కర్. లిగ్నిన్ కలిశాక అది బ్లాక్ లిక్కర్. దాన్ని చిక్కబరిచి బాయిలర్‌లో మండిస్తే మిగిలిన లవణాలను నీళ్లలో కరిగిస్తారు, అది గ్రీన్ లిక్కర్. అందులో సున్నం కలిపితే సోడియం కార్బొనేట్ మళ్లీ సోడియం హైడ్రాక్సైడ్ అవుతుంది, అంటే తిరిగి వైట్ లిక్కర్. ఆ సున్నం కూడా కాల్షియం కార్బొనేట్‌గా మారి, బట్టీలో కాలి, మళ్లీ సున్నమవుతుంది. చక్రానికి తోడు ఇంకో చక్రం! కొంత నష్టపోయేది ఉంటుంది, దాన్ని బయటి నుంచి కలుపుతారు. మూడు లిక్కర్లకూ మాత్రిక రాసి మూడుసార్లు వేసి గుణించి చూడండి: సున్నా రాదు, తత్సమ మాత్రిక వస్తుంది. బయల్దేరిన చోటికే చేరాం. ఇక్కడ మొదటిది ఏదో చెప్పలేం, సమీకరణాలన్నీ కలిపే సాధించాలి.

వీక్లీ టెస్ట్ మార్కుల మెసేజ్ రాగానే "ఫార్ములా గుర్తులేదా?" అని అడుగుతాం. నా మాట వింటే, ముందు "బాణాలు గీశావా?" అని అడగండి. ఫార్ములా ఏ బొమ్మకు పుట్టిందో తెలియని బిడ్డ, ప్రశ్నలో ఒక్క బాణం అదనంగా కనిపిస్తే ఆగిపోతాడు. బట్టీ పట్టిన ఫార్ములా అప్పుడు అక్కరకు రాదు.

ఇంట్లో చేయడానికి ఒక అభ్యాసం. అశ్వాపురం దగ్గరి మణుగూరు భారజల కర్మాగారంలో నీళ్లు ముందు చల్లని టవర్, తర్వాత వేడి టవర్ గుండా కిందికి దిగి బయటికి పోతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు మాత్రం రెండు టవర్ల మధ్య తిరుగుతూనే ఉంటుంది. నీళ్ల దారికి ఒక మాత్రిక, వాయువు దారికి ఒక మాత్రిక రాయించండి. ఏది, ఎన్నో గుణకారానికి సున్నా అవుతుంది?