కాల్ దారి తెలిసినవారికి ఊళ్లోనే పని

ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు, ముద్దనూరు వైపు రాయలసీమ థర్మల్ కేంద్రం, తుమ్మలపల్లె యురేనియం గని, ఓర్వకల్లు విమానాశ్రయం, కర్నూలు సర్వజన వైద్యశాల, కడప రిమ్స్, ప్రొద్దుటూరు బంగారు అంగళ్లు. చేసే పనిలో వీటికి ఒకదానితో ఒకటి పోలిక లేదు. కానీ బయటి నుంచి వచ్చిన ఫోను సరైన మనిషికి చేరాలి, లోపలివాళ్లు ఒకరితో ఒకరు వెంటనే మాట్లాడుకోగలగాలి అన్న అవసరం అన్నిటికీ ఉంది. ఆ ఏర్పాటు చేసి, చెడిపోకుండా చూసుకునే పనిని మన డిప్లొమా, ఐటీఐ, బీటెక్ విద్యార్థులు ఉద్యోగమార్గంగా లెక్కలోకే తీసుకోవడం లేదు. తీసుకోవాలని నా వాదన. ఎందుకంటే ఇది సగం నెట్‌వర్కింగు, సగం మనుషులతో వ్యవహారం. ఒక్క సగమే వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. రెండూ తెలిసినవాళ్లకు పెద్ద నగరానికి వెళ్లకుండానే విలువ ఉంటుంది.

ముందు ఈ వ్యవస్థ ఏమిటో చూద్దాం. వంద మంది పనిచేసే ఆఫీసులో వందమందీ ఒకేసారి బయటికి మాట్లాడరు. అందుకని వంద లైన్లు కొనక్కర్లేదు. బయటికి పోయే కొన్ని ట్రంక్ లైన్లు తీసుకుని, మధ్యలో కాల్స్ పంచే ఈపీఏబీఎక్స్ అనే పెట్టె పెట్టి, ప్రతి టేబులుకూ ఎక్స్‌టెన్షన్ ఇస్తారు. పెద్ద సంస్థలు పీఆర్‌ఐ అనే డిజిటల్ లైను తీసుకుంటాయి. అలాంటి ఒక్క లైను మీద ఒకేసారి 30 కాల్స్ నడుస్తాయి. 08562 కోడుతో కడప ఆఫీసుకు ఫోను వచ్చిందనుకోండి. మొదట ఐవీఆర్, అంటే రికార్డు చేసిన గొంతు, పలుకుతుంది. రిసెప్షన్‌లో ఎవరూ ఎత్తకపోతే హంటింగ్ వల్ల పక్క ఎక్స్‌టెన్షన్ మోగుతుంది. అక్కడివాళ్లు ఎత్తి అకౌంట్స్‌కు ట్రాన్స్‌ఫర్ చేస్తారు. ఆఫీసు మూశాక నైట్ మోడ్‌లో అదే కాల్ సెక్యూరిటీ గదికి పోతుంది. ఏ కాల్ ఎప్పుడొచ్చింది, ఎంతసేపు నడిచింది, ఏది ఎవరూ ఎత్తకుండా పోయింది అన్నది రిపోర్టులో నిలుస్తుంది. ఇప్పుడు ఈ పనంతా కంప్యూటర్ల ల్యాన్ వైర్ల మీదే ఐపీ పీబీఎక్స్ అనే కొత్త తరం ఈపీఏబీఎక్స్ చేస్తోంది.

అందరి చేతిలో సెల్లుండగా ఆఫీసు ఫోను దేనికని వెంటనే అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇద్దరు ముగ్గురు నడిపే అంగడికి సెల్లే చాలు. సంస్థ పెద్దదయ్యేకొద్దీ చిక్కు మొదలవుతుంది. సేల్స్ కుర్రాడి సొంత సెల్ నంబరుకు అలవాటుపడిన ఖాతాదారులు, అతను ఉద్యోగం మానేసిన రోజున అతనితోపాటే పోతారు. అతను సెలవులో ఉంటే వచ్చిన కాల్‌కు దిక్కుండదు. వచ్చిందన్న సంగతి కూడా యజమానికి తెలియదు. ఆసుపత్రిలో క్యాజువాలిటీ నుంచి బ్లడ్ బ్యాంకుకు మాట్లాడాలంటే ఆ షిఫ్టులో ఎవరున్నారో, వాళ్ల నంబరేమిటో వెతుక్కునే వ్యవధి ఉండదు; గది నంబరు నొక్కితే ఆ గదిలో ఫోను మోగాలి. ఇక భూగర్భ గనిలోకి టవర్ సిగ్నల్ దానంతటది దిగదు, అక్కడ సొంత ఏర్పాటు తప్పనిసరి.

నా దృష్టిలో ఈ వృత్తిలో అసలు సారమంతా కాల్‌కు దారి వేయడంలో ఉంది. దానికి మన కళ్లముందున్న గొప్ప ఉదాహరణ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ. పల్లె నుంచి కంగారుగా చేసిన కాల్ ఖాళీగా ఉన్న ఆపరేటర్‌కు వెళ్లాలి, మాట రికార్డు కావాలి, చిరునామా తెలుసుకుని దగ్గర్లోని అంబులెన్సును పంపాలి. ఇందులో ఏ మెట్టు దగ్గర తడబడినా నష్టపోయేది మనిషి ప్రాణం. మామూలు ఆఫీసులో అంత ప్రమాదం లేకపోయినా సూత్రం అదే. ఐవీఆర్‌లో ఎనిమిది ఆప్షన్లు వరసగా చదివి, తొమ్మిదోదిగా మనిషితో మాట్లాడే అవకాశమిస్తే, పంట బీమా గురించి అడగబోయిన పెద్దాయన మూడో ఆప్షన్ దగ్గరే ఫోను పెట్టేస్తాడు. ఎక్కువమంది దేనికోసం చేస్తున్నారో రిపోర్టు చూసి తెలుసుకుని దాన్ని ముందుకు తేవడం, కర్నూలు, కడప పట్టణాల్లో ఉర్దూ, ఆదోని వైపు కన్నడ మాట్లాడేవారు ఉన్నారని గుర్తుంచుకుని ఆ భాషలకూ చోటివ్వడం: ఇవి ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకు సహజంగా తట్టే సంగతులు. బయటి ఊళ్లోని కంపెనీకి ఎవరో చెబితే తప్ప తెలియవు.

సాంకేతికంగా ఎంత లోతు కావాలో ఒక్క లోపాన్ని దగ్గరగా చూస్తే అర్థమవుతుంది. ఫోను మోగింది, ఎత్తారు. మన మాట అవతలివాళ్లకు వినబడుతోంది, వాళ్ల మాట మనకు వినబడటం లేదు. ఫోను మార్చినా, వైరు మార్చినా ఫలితం లేదు. కారణం ఏమిటంటే, ఐపీ ఫోనులో కాల్‌ను కలిపే సందేశాలు సిప్ అనే ప్రోటోకాల్ ద్వారా ఒక పోర్టులో నడుస్తాయి, గొంతు వేరే పోర్టుల్లో వెళుతుంది. గొంతు ఎక్కడికి పంపాలో చెప్పేటప్పుడు మన పీబీఎక్స్ తన 192.168తో మొదలయ్యే లోపలి చిరునామా ఇచ్చేస్తే, అవతలి గొంతు ఇంటర్నెట్‌లోనే దారి తప్పిపోతుంది. ఫైర్‌వాల్ ఆ పోర్టులను మూసినా ఇదే ఇబ్బంది. దీన్ని ప్యాకెట్లు పట్టి చూపించగలిగినవారికి నెట్‌వర్కింగు వచ్చినట్టే లెక్క. ఫోనుకు చాలా బ్యాండ్‌విడ్త్ కావాలన్న అపోహ కూడా చాలామందికి ఉంది. గొంతును డేటాగా మార్చే జి.711 పద్ధతిలో ఒక కాల్‌కు ఒక్కో దిశలో సెకనుకు సుమారు 87 కిలోబిట్లు సరిపోతాయి. మాట తెగిపోతుంటే ముందు అనుమానించాల్సింది ఆలస్యాన్ని, ప్యాకెట్లు పోవడాన్ని. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా చూడాలి. అందుకే గొంతును మిగతా డేటా నుంచి వేరుచేసే వీల్యాన్, దాన్ని ముందు పంపే క్యూఓఎస్ నేర్చుకోవాలి. భద్రత మరీ ముఖ్యం. 101 ఎక్స్‌టెన్షన్‌కు 101 అనే పాస్‌వర్డు పెట్టి వదిలేస్తే, రాత్రికి రాత్రి ఎవరో చొరబడి విదేశాలకు కాల్స్ చేస్తారు. బిల్లు సంస్థ కట్టాలి.

పీబీఎక్స్ క్లౌడ్‌లోకి పోయాక స్థానిక టెక్నీషియన్‌తో పనేముందన్నది రెండో అభ్యంతరం. పెట్టె పోయిన మాట నిజం. స్విచ్చి, కేబుల్, యూపీఎస్, వైఫై మాత్రం ఆఫీసులోనే ఉన్నాయి. సీమ ఎండల్లో గాలాడని గదిలో రాక్ పెడితే ఏమవుతుందో వచ్చి చూసేవాళ్లు ఇక్కడే కావాలి. పైగా 2020 నవంబరులో, మళ్లీ 2021 జూన్‌లో కేంద్ర టెలికాం శాఖ కాల్ సెంటర్ల నిబంధనలు సడలించింది. ఏజెంట్లు ఇంటి నుంచి పనిచేయడం సులువైంది. కాబట్టి క్లౌడ్ వల్ల కొంత పని పోయినా కొంత పని కడపకే వచ్చే వీలుంది. కృత్రిమ మేధ గొంతులు మామూలు ప్రశ్నలకు జవాబు చెబుతాయి, చెప్పనివ్వండి. ఏ కాల్ దానికి వదలాలి, ఏది మనిషికి ఇవ్వాలి అన్న నిర్ణయం ఎవరో ఒకరు చేయాలి కదా.

జీతం సంగతి దాచను. కేవలం ఇంటర్‌కామ్ వైర్లు లాగడం, క్రోన్ బాక్సులో వైరు జంటలు గుచ్చడం దగ్గరే ఆగిపోతే ఆదాయం పెరగదు. అక్కడ మొదలుపెట్టి లైనక్స్, నెట్‌వర్కింగు, ఖాతాదారుల వివరాలు చూసే సీఆర్‌ఎం సాఫ్ట్‌వేర్ వైపు ఎదగాలి. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్, పాలిటెక్నిక్‌లో ఈసీఈ చదివినవారికి పునాది ఉంది, అప్రెంటిస్‌షిప్‌కు ప్రయత్నించండి. ఒక హెచ్చరిక కూడా. ఇంట్లో చాలా సిమ్‌లు పట్టే సిమ్ బాక్సు పెట్టి విదేశీ కాల్స్ మళ్లిస్తే డబ్బులిస్తామని ఎవరైనా ఆశ చూపితే దగ్గరికి రానివ్వకండి, అది నేరం.

నేర్చుకోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. 1999లో మార్క్ స్పెన్సర్ రాసిన ఆస్టరిస్క్ అనే పీబీఎక్స్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. పాత కంప్యూటర్‌లో లైనక్స్ వేసి దాన్ని ఎక్కించండి. రెండు సెల్‌ఫోన్లలో సాఫ్ట్‌ఫోన్ యాప్ పెట్టుకుని 101, 102 ఎక్స్‌టెన్షన్లు మోగించండి. తర్వాత తెలుగు గొంతుతో ఐవీఆర్, ఆపైన నైట్ మోడ్, కాల్ రిపోర్టు. అది నడిచాక మీ ఊళ్లోని ఏదైనా ఆసుపత్రికో స్కూలుకో వెళ్లి, వాళ్లకు వచ్చే కాల్స్‌లో ఎన్ని ఎవరూ ఎత్తకుండా పోతున్నాయో అడగండి. వాళ్ల దగ్గర లెక్క లేకపోతే, ఆ లెక్క తీసిపెట్టడమే మీ మొదటి పనిగా అడిగి తీసుకోండి.