కాళ్ల కింద నేల కదులుతోంది... భయపడాలా?

సందేహాలు - సమాధానాలు

*మా బాబు ఏడో తరగతి. మన నేల ఏటా ఐదు సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతోందని వాళ్ల సార్ చెప్పారట. అది విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. అప్పు చేసి కట్టుకున్న ఇల్లు. గోడలు పగులుతాయా?*
- ఒక గృహిణి, తాండూరు

నిశ్చింతగా నిద్రపోండమ్మా. సార్ చెప్పింది నిజమే కానీ, ఈ కదలికతో మీ ఇంటికి ఏ హానీ లేదు. మీ ఇల్లు, పక్కింటి గోడ, కాగ్నా నది, హైదరాబాద్, కన్యాకుమారి అన్నీ ఒకే పెద్ద రాతి పలక (టెక్టానిక్ ప్లేటు) మీద, ఒకే దిక్కుకు, కలిసే పోతున్నాయి. గోడ ఒకవైపు, పునాది మరోవైపు జరిగితేనే కదా చీలేది! కొత్త ఇంట్లో సన్నటి గీతలు కనిపిస్తే అవి ప్లాస్టరింగ్ ఆరేటప్పుడు వచ్చినవో, నల్లరేగడి ఎండకు బీటలు వారి వానకు ఉబ్బడం వల్ల వచ్చినవో అయి ఉంటాయి. పగుల్లో రూపాయి బిళ్ల దూరుతున్నా, అది నెలనెలా పెరుగుతున్నా ఇంజినీరుకు చూపించండి.

*ఇంత పెద్ద నేలను నెట్టేది ఏమిటి? లోపల ఏదో ఉడుకుతోందని, ఒకరోజు బద్దలవుతుందని భయంగా ఉంది.*
- ఒక డిగ్రీ విద్యార్థి, వికారాబాద్

లోపల వేడి ఉన్నమాట నిజం, కానీ భూమి బద్దలైపోతుందన్న భయం అక్కర్లేదు. భూమి పుట్టినప్పటి వేడి కొంత, రాళ్లలోని యురేనియం, థోరియం, పొటాషియం క్షీణిస్తూ ఇచ్చేది కొంత. అది కోట్ల ఏళ్లుగా మెల్లమెల్లగా బయటికి పోతూనే ఉంది. పలకల కింద ఉన్న మాంటిల్ కూడా మరిగే ద్రవం కాదు, గట్టి రాయే. మన కంటికి అందనంత నెమ్మదిగా పాకుతుంది, అంతే.

ఆ మాంటిల్ ప్రవాహాలే పలకలను మోసుకుపోతాయని పాత పాఠాల్లో ఉండేది. నిజానికి పలకను ఎక్కువగా కదిలించేది దాని సొంత బరువే. సముద్రం అడుగున పాతబడి చల్లారిన పలక బరువెక్కి, పక్క పలక కిందికి దూరి మాంటిల్‌లోకి దిగుతుంది. దండెం మీద తడిచీర ఒకవైపు ఎక్కువగా వేలాడితే మిగతా చీర కూడా దాని వెంటే జారిపోతుంది చూడండి, దిగే అంచు వెనకున్న పలకను అలాగే లాక్కుపోతుంది. దీన్నే స్లాబ్ పుల్ అంటారు, అన్నిటికంటే బలమైనది ఇదే. రెండోది రిడ్జ్ పుష్. అరేబియా సముద్రం అడుగున కార్ల్స్‌బర్గ్ రిడ్జ్ అనే పర్వతశ్రేణి ఉంది. అక్కడ కొత్తగా పుట్టే రాయి వేడిగా, ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఆ ఎత్తు నుంచి పలక పల్లానికి జారుతూ మనల్ని ఈశాన్యానికి నెడుతుంది.

ఒకప్పుడు మనకూ ఆసియాకూ మధ్య టెథిస్ అనే సముద్రం ఉండేది. దాని అడుగు ఆసియా కిందికి దిగుతూ మనల్ని ఉత్తరానికి లాక్కొచ్చింది. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట నేలా నేలా ఢీకొన్నాయి, హిమాలయాలు లేచాయి, మన వేగం తగ్గింది. నడక మాత్రం ఆగలేదు. సుమత్రా, జావా దీవుల కింద దిగుతున్న అంచు లాగుడు కూడా దీనికి ఒక కారణమని కొందరు శాస్త్రవేత్తల వాదన. ఇవన్నీ రాత్రికి రాత్రి మారిపోయే బలాలు కావు.

*అనంతగిరి కొండల్లో నల్లరాయి లావా గడ్డకట్టినదని ఎవరో చెబితే విన్నాను. మా టీకొట్టు అక్కడే. మళ్లీ నిప్పు కక్కుతుందా?*
- ఒక చిరువ్యాపారి, వికారాబాద్

కక్కదు. మీ టీకొట్టు నిక్షేపంగా నడుపుకోండి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్‌లో పొడవాటి నేల చీలికల నుంచి లావా పొరలు పొరలుగా పారింది, ఆ లావా పరుచుకున్న ప్రాంతపు తూర్పు అంచు దగ్గర మీ కొండలు ఉన్నాయి. ఆ వేడికి మూలమైన చోటు ఇప్పుడు మన కింద లేదు. హిందూ మహాసముద్రంలో రీయూనియన్ దీవి కింద ఉంది, అక్కడి అగ్నిపర్వతం నేటికీ నిప్పు కక్కుతోంది. మీరు భయపడుతున్న ఈ పలక నడకే మనల్ని ఆ నిప్పుకు వేల కిలోమీటర్ల దూరం తీసుకొచ్చింది.

హైదరాబాద్‌లోని మన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు జర్మనీ శాస్త్రవేత్తలతో కలిసి ఈ నడక గురించే 2007లో ఒక ముఖ్యమైన సంగతి ప్రచురించారు. మన నేల ఒకప్పుడు భాగంగా ఉన్న గోండ్వానా అనే మహాఖండం నుంచి విడిపోయిన మిగతా ఖండాల కింద పలక 180 నుంచి 300 కిలోమీటర్ల మందం ఉంటే, మన పలక మందం సుమారు 100 కిలోమీటర్లేనట. గోండ్వానాను చీల్చిన లోపలి వేడికే పలక అడుగుభాగం కరిగిపోయి ఉండవచ్చని, అందువల్లే మన నేల అప్పట్లో ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా పరుగెత్తిందని వాళ్ల అభిప్రాయం. మన ఊరి పక్క సంస్థ నుంచి వచ్చిన ఈ పరిశోధన మన బడుల్లో పిల్లలకు తప్పక చెప్పాలి.

*మా చుట్టూ నాపరాయి క్వారీలే. రోజూ బ్లాస్టింగులు. ఇంత తవ్వితే కింద పలక కదలదా?*
- ఒక రైతు, తాండూరు మండలం

పలక మందం ముందు మన క్వారీ లోతు పైపైన గీత లాంటిదేనయ్యా, దానివల్ల పలక కదలదు. అసలు మీ ఇంట్లో పరిచిన బండే మీకు ధైర్యం చెబుతుంది. అది 50 కోట్ల ఏళ్లకు పైబడిన సముద్రపు బురద, పొర మీద పొరగా పేరుకుని గట్టిపడింది. ఇన్ని కోట్ల ఏళ్ల తర్వాత కూడా చాలాచోట్ల ఆ పొరలు ముడతపడకుండా బల్లపరుపుగానే ఉన్నాయి, అందుకే బండ అంత చదునుగా చీలుతుంది. హిమాలయాల్లో అయితే ఇలాంటి సముద్రపు రాళ్లే మెలికలు తిరిగి కనిపిస్తాయి.

బ్లాస్టింగ్ అదురు మాత్రం నిజం, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. రోజూ దాదాపు ఒకే వేళకు, పెద్ద చప్పుడుతో, చుట్టుపక్కల ఊళ్లకే తెలిసేలా వస్తే అది క్వారీదే. గోడలు పగులుతుంటే తేదీ, వేళ రాసి, ఫొటోలు తీసి గనుల శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

*2024 డిసెంబరులో ములుగులో భూకంపం వస్తే హైదరాబాద్‌లో మా అక్క ఇంట్లో ఫ్యాన్లు ఊగాయి. తెలంగాణ రెండుగా చీలుతోందా?*
- ఒక పాఠకురాలు, వికారాబాద్

చీలడం లేదమ్మా. డిసెంబరు 4 ఉదయం 7.27కు వచ్చిన ఆ కంపం తీవ్రత 5.3. గోదావరి లోయ గోండ్వానా కాలంలో చీలబోయి ఆగిపోయిన పాత బీట, సింగరేణి బొగ్గు పేరుకున్నది ఆ పల్లంలోనే. ఉత్తరాన హిమాలయాల దగ్గర అడ్డుపడిన పలకలో పుట్టే ఒత్తిడి లోపలిదాకా పాకుతుంది, అలాంటి పాత బీటల దగ్గర అప్పుడప్పుడు సర్దుకుంటుంది. 1969లో భద్రాచలం దగ్గర వచ్చిందీ ఈ లోయలోనే. ములుగు హైదరాబాద్‌కు చాలా దూరం. అంత దూరాన ఫ్యాన్ ఊగడం మామూలే. గోడలు కదులుతూ నిలబడలేనట్టు అనిపిస్తే గట్టి బల్ల కిందికి దూరి తల కాపాడుకోండి, అదురు ఆగాక ఆరుబయటికి రండి.

*ఫలానా రాత్రి భూకంపమని వాట్సాప్‌లో వస్తే పిల్లలతో వాకిట్లోనే పడుకున్నాం. నమ్మాలా?*
- ఒక తల్లి, తాండూరు

నమ్మకండి. తేదీ, వేళ చెప్పి భూకంపాన్ని ముందుగా పట్టగల పద్ధతి ప్రపంచంలో ఎక్కడా లేదు. పిల్లలతో లోపలే పడుకోండి.

*1993లో మా ఊళ్లో కూడా అదిరింది. మనది ప్రమాదం తక్కువున్న జోన్ అంటారు కదా, ఇక దిగులు లేనట్టేనా?*
- ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, తాండూరు

దిగులు వద్దు మాస్టారూ, జాగ్రత్త మాత్రం వద్దనలేను. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 3.56కు లాతూర్ జిల్లా కిల్లారి దగ్గర 6.2 తీవ్రతతో భూకంపం వచ్చింది, అది తాండూరుకు సుమారు 140 కిలోమీటర్లే. అప్పటి మ్యాపులో కిల్లారిది అన్నిటికంటే తక్కువ ప్రమాదమున్న జోన్. పలక నడిమధ్యన ఇలాంటివి చాలా అరుదు, కానీ అసలే రావనడం తప్పు.

అక్కడ దాదాపు 8 వేల మంది చనిపోయినట్టు ప్రభుత్వ లెక్క. వాళ్ల ప్రాణాలు తీసింది ముఖ్యంగా ఇళ్లే. మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలు, వాటి మీద బరువైన మట్టి మిద్దెలు నిద్రలో ఉన్నవాళ్ల మీద కూలాయి. మన దగ్గరా పాత ఊళ్లలో అలాంటి ఇళ్లున్నాయి. రాతి గోడ కట్టేటప్పుడు గోడ మందమంతా పట్టే పొడవాటి రాళ్లు అక్కడక్కడా అడ్డంగా పెట్టించాలి. పునాది మీద, తలుపుల పైన, కప్పు కింద ఇంటి చుట్టూ తెగకుండా కాంక్రీటు బెల్టు వేయించాలి. పాత మిద్దె మీద ఏటా కొత్త మట్టి పోసి బరువు పెంచకండి. మీ మాట ఊళ్లో వింటారు కాబట్టి, ఇల్లు కట్టబోతున్న ప్రతి ఒక్కరికీ ఆ బెల్టు గురించి చెప్పండి.