పదమును విడదీయుట – భావమును చేరుట
(విద్యార్థులకు పఠన పాఠము)

కడప జిల్లా వేంపల్లె మండలములోని ఇడుపులపాయలో 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణము ఏర్పడినది. పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులు ఆరు సంవత్సరముల చదువునకై అచ్చటికి వత్తురు. పల్లెలో తెలుగున చదివిన బాలునికి అచ్చట శాస్త్రగ్రంథములు ఆంగ్లమున ఎదురగును. క్రొత్త పదము కనబడగానే దానిని వల్లె వేయుటకు పూనుకొనుట సహజము. కాని అర్థము తెలియక వల్లె వేసినది పరీక్ష దాటి నిలువదు. అర్థమును చేరు మార్గము ఏ భాషకైనను ఒక్కటే. శరణుల పదములతో దానిని అభ్యసించిన విద్యార్థికి శాస్త్రపాఠము కూడ సులభమగును.

1. పదమును విడదీయుట

'శివ' శబ్దముపై తద్ధిత ప్రత్యయము చేరగా మొదటి అచ్చు మారి 'శైవ' అయినది. విష్ణువు నుండి వైష్ణవము, బుద్ధుని నుండి బౌద్ధము, జినుని నుండి జైనము ఇట్లే ఏర్పడినవి. ఒక్క సూత్రము తెలిసినచో నాలుగు పదములు తెలిసినవి.

'జంగమ' పదములో 'గమ్' ధాతువు కలదు. దాని అర్థము పోవుట. గమనము, ఆగమనము, సంగమము దాని సంతతియే. 'స్థావర' పదములో 'స్థా' ధాతువు కలదు. దాని అర్థము నిలుచుట. స్థానము, స్థితి, స్థిరము దాని నుండి వచ్చినవి. నిలిచియుండు దేవాలయమును, నడయాడు దేహమును ఎదురెదురుగా నుంచి బసవేశ్వరుడు చెప్పిన ప్రసిద్ధ వచనము ఈ రెండు ధాతువులు ఎరిగినవానికి చక్కగా బోధపడును.

సమాసములను కూడ ఇట్లే విప్పవలెను. అష్ట + ఆవరణము = అష్టావరణము; ఇది సవర్ణదీర్ఘ సంధి, సంఖ్య ముందున్నందున ద్విగు సమాసము. ఇష్టమైన లింగము ఇష్టలింగము, ఇది కర్మధారయము. శాస్త్రపాఠములోని 'కిరణజన్య సంయోగక్రియ'ను విప్పినచో, కిరణము వలన పుట్టినది, కలయిక అను పని అని తేలును. ఆంగ్లమున 'ఫొటో' అనగా వెలుగు, 'సింథసిస్' అనగా కూర్చుట. రెండు భాషలును ఒకే మాట చెప్పుచున్నవి.

2. పరిభాషను గుర్తించుట

వచనము చివర కవి తన ఇష్టదైవము పేర ఉంచు ముద్రకు 'అంకితము' అని పేరు. బసవేశ్వరుని అంకితము కూడలసంగమదేవ, అల్లమప్రభువుది గుహేశ్వర, అక్కమహాదేవిది చెన్నమల్లికార్జున. అంకితమును బట్టి వచనము ఎవరిదో గుర్తింపవచ్చును. కృష్ణా మలప్రభా నదులు కలియు చోటు కూడలసంగమము. కూడలి యనినను, సంగమమనినను కలయికయే.

శతకములో ప్రతి పద్యము చివర వచ్చు సంబోధన 'మకుటము'. పాల్కురికి సోమనాథుని వృషాధిప శతకమున మకుటము బసవనినే పిలుచును. ఆ కవియే బసవపురాణమును ద్విపదలో రచించెను. రెండేసి పాదములు, పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము ద్విపద లక్షణము. పాడుటకు అనువైనందున అది జనుల నోట నిలిచినది.

3. అన్వయించి చదువుట

ద్విపదను మొదట బిగ్గరగా చదువవలెను. పిదప క్రియను వెదకి, ఎవరు? దేనిని? ఎందులకు? అని ప్రశ్నింపవలెను. పెద్దలు దీనిని ఖండాన్వయమనిరి. తుదకు పుస్తకము మూసి, భావమును సొంత మాటలలో చెప్పవలెను. చెప్పలేనిచో చదువు ఇంకను పూర్తికాలేదు.

4. సందర్భముతో సరిచూచుట

విడదీసినంత మాత్రమున అర్థము చేతికి రాదు. 'ఇడుపులపాయ'లో 'ల' బహువచనమును తెలుపును. పాయ అనగా చీలిక, జడపాయ, ఏటిపాయ అన్నట్లు. అంతటితో ఊరిపేరు పుట్టుక తేలినట్లు కాదు.

'దాసోహము' ఇంకను మంచి ఉదాహరణము. దాసః + అహమ్ = దాసోహమ్; నేను దాసుడను అని అర్థము. నేటి వార్తాపత్రికలలో 'దాసోహమన్నాడు' అనగా లొంగిపోయినాడని భావము. ఈ అర్థముతో వచనములు చదివినవాడు శరణులు లొంగుబాటును బోధించిరని భ్రమపడును. శరణ సంప్రదాయమున నీతితో, ఒళ్ళు వంచి చేయు పని కాయకము. దాని ఫలమును జంగమునకు, తోటివారికి వినయముతో సమర్పించుట దాసోహము. ఇచ్చట 'దాసుడను' అనువాడు పుచ్చుకొనువాడు కాడు, ఇచ్చువాడు. ఇచ్చితినను గర్వము తలయెత్తకుండుటకే ఆ మాట. పద విభాగము తలుపు వద్దకు చేర్చును. సందర్భము లోనికి కొనిపోవును.

చదువు కూడ కాయకమే. దాని ఫలమును వెనుకబడిన సహపాఠికి వివరించిన విద్యార్థి దాసోహ పదమునకు అర్థము నేర్చినవాడగును.

అభ్యాసము

1. షట్స్థలము, పంచాచారము – విడదీసి, సమాసము పేరు వ్రాయుడు.
2. 'గమ్' ధాతువు గల పదములు మరి మూడు సేకరింపుడు.
3. అంకితమునకు, మకుటమునకు గల పోలికను, భేదమును తెలుపుడు.
4. మీ విజ్ఞానశాస్త్ర పుస్తకములోని ఒక పెద్ద పదమును విప్పి, తమ్మునికో చెల్లెలికో వివరింపుడు.