సెల్‌ఫోన్‌లోనూ కలుపు తీయాలి

పైరులో కలుపు పెరిగితే వేసిన ఎరువు సగం దానికే పోతుంది. చేతిలోని సెల్‌ఫోన్ సంగతీ అంతే. పిల్లలు వేసుకున్న ఆటలు, ఫోన్ కొన్నప్పుడే ఉన్నవి, ఎవరో పంపితే నొక్కినవి పోగుపడి ఫోన్ నెమ్మదిస్తుంది. తెగులు సోకిన ఆకు ఫొటో తీయబోతే జాగా లేదంటుంది. అంతకంటే పెద్ద ముప్పు మరొకటి ఉంది. బ్యాంకు ఓటీపీ వచ్చేది కూడా ఈ ఫోన్‌కే. యాప్‌ల గుంపులో దొంగ యాప్ ఒక్కటి దాగినా ఖాతాలోని పంట డబ్బు పోతుంది.

ఉంచాల్సినవి: వాతావరణానికి మేఘదూత్, పిడుగు హెచ్చరికలకు దామిని, మీ బ్యాంకు యాప్, డబ్బు పంపడానికి ఒక యూపీఐ యాప్. ఒకే పనికి రెండు మూడు యాప్‌లు అక్కర్లేదు.

తీసేయాల్సినవి: మూడు నెలలుగా తెరవనివి, ప్లే స్టోర్ నుంచి కాకుండా వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలుతో వేసుకున్నవి. పీఎం కిసాన్ పేరుతో వచ్చినా ఆ ఫైలు నొక్కకండి. టార్చిలైటు యాప్‌కు మీ మెసేజీలతో పనేమిటి? అలా అడిగే దాన్ని నమ్మరాదు. అప్పులిచ్చే యాప్‌లు ఫోన్‌లోని నంబర్లు, ఫొటోల జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే ఆదేశించింది. అవి అడిగే యాప్‌లో అప్పు తీసుకోవద్దు.

తీసే విధానం: యాప్ బొమ్మపై వేలు నొక్కి పట్టుకుంటే అన్‌ఇన్‌స్టాల్ అని వస్తుంది. కంపెనీ వేసిన కొన్ని పోవు, వాటిని డిసేబుల్ చేయాలి. కొన్ని దొంగ యాప్‌లు బొమ్మ కనపడకుండా దాక్కుంటాయి. అందుకే సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితా మొత్తం చూడాలి.

తొందరపడరాదు: కూలీల లెక్కలు ఏదైనా యాప్‌లో ఉంటే ముందు నోటుపుస్తకంలో ఎక్కించుకోండి. నెలనెలా డబ్బు కోసుకునే ఆటోపే ఉంటే దాన్ని రద్దు చేశాకే యూపీఐ యాప్ తీయండి. లేకపోతే కోత ఆగదు. అప్పు యాప్ తీసేసినంత మాత్రాన అప్పు తీరదని కూడా గమనించాలి.

కంప్యూటర్ సంగతి: ఇంట్లో పిల్లల కంప్యూటర్ ఉంటే సెట్టింగ్స్‌లో యాప్స్ తెరిచి అక్కర్లేనివి తీయించండి. నెట్ సెంటర్‌లో పట్టా కాగితాల కోసం మీ వాట్సాప్ తెరిచారా? పని కాగానే మూసేయించండి. మీ ఫోన్ వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ నొక్కితే ఇంకా ఎక్కడ తెరిచి ఉందో తెలుస్తుంది. మీది కాని దాన్ని అక్కడే లాగౌట్ చేయవచ్చు.

అనుమానం వస్తే: వెంటనే ఫోన్‌లో డేటా, వైఫై ఆపండి. వేరే ఫోన్‌తో బ్యాంకుకు చెప్పి ఖాతాలో లావాదేవీలు నిలిపివేయించండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ.

కలుపు ఒకసారి తీస్తే సరిపోదు, మళ్లీ మొలుస్తుంది. నెలకొకసారి పావుగంట కూర్చుని ఫోన్ చూసుకోండి. చదువుకున్న పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి, కానీ పిన్ నంబరు మాత్రం ఎవరికీ చెప్పకండి.