ముల్లు దిగితే ఒంట్లో ఏం జరుగుతుంది?

పొలంలో కాలికి ముల్లు దిగిందనుకోండి. కాసేపటికే ఆ చోటు ఎర్రబడి, వాచి, సలుపుతుంది. చాలామంది దీన్నే జబ్బనుకుంటారు. నిజానికది శరీరం మొదలుపెట్టిన ఎదురుదాడి. మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. రక్తనాళాలు వెడల్పవుతాయి. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వచ్చి బ్యాక్టీరియాను మింగేస్తాయి. చీములో ఎక్కువగా ఉండేది ఈ పోరులో చనిపోయిన తెల్ల రక్తకణాలే.

అదే ముల్లుతో రాగల ధనుర్వాతం తీరు వేరు. దానికి కారణమైన క్లాస్ట్రీడియం టెటాని బ్యాక్టీరియా సిద్ధబీజాలు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. లోతైన గాయంలో ఆక్సిజన్ అందదు కాబట్టి అక్కడ మొలకెత్తి విషం వదులుతాయి. సాధారణంగా 3 నుంచి 21 రోజుల్లో దవడలు బిగుసుకుపోతాయి.

బాగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇక్కడే ఉంది. ఈ జబ్బు ఒకసారి వచ్చి తగ్గినా రోగనిరోధకత రాదు. ప్రాణం తీయడానికి చాలే విషం మోతాదు, ప్రతిదేహాలు పుట్టించడానికి చాలదు. అందుకే కోలుకున్నవారికీ టీకా తప్పనిసరి. టీకాతో మన శరీరమే ప్రతిదేహాలు తయారుచేసుకుంటుంది, ఇది క్రియాశీల రోగనిరోధకత. గాయమయ్యాక ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్‌లో అవి సిద్ధంగా ఉంటాయి, అది నిష్క్రియ రోగనిరోధకత. వెంటనే పనిచేస్తుంది, ఎక్కువ కాలం నిలవదు.

ఈ విషాన్ని అడ్డుకునే ధనుర్వాత యాంటీటాక్సిన్‌ను 1890లో బెర్లిన్‌లో వెల్లడించింది శాస్త్రవేత్తలు బేరింగ్, కిటసాటో. వైద్యంలో తొలి నోబెల్ 1901లో బేరింగ్‌కు దక్కింది. తల్లులు, నవజాత శిశువుల్లో ధనుర్వాతం ప్రజారోగ్య సమస్యగా లేని స్థాయిని భారత్ 2015లో చేరుకుంది.