ఇంటికంతా ఒకే గిన్నె

షుగరు వచ్చిందని డాక్టరు చెప్పిన మర్నాడే వంటింట్లో ఒక చిన్న గిన్నె వేరుపడుతుంది. పెద్దాయనకు అందులో జొన్నరవ్వ, మిగతా అందరికీ మామూలుగా తెల్లన్నం. మూడు నెలలకు రిపోర్టు కాస్త బాగుంటుంది, గిన్నె అటకెక్కుతుంది. మీ ఇంట్లోనూ ఇదే జరిగిందా? పెద్దాయనకు నిగ్రహం లేదని తప్పుపట్టకండి. తప్పంతా ఆ వేరు గిన్నెది. మందులా మింగిన తిండి, ఒంట్లో కాస్త కుదుటపడగానే ఆగిపోతుంది. నలుగురితో కూర్చుని రుచిగా తిన్నదే ఏళ్ల తరబడి నిలుస్తుంది.

పల్నాడులోని బొల్లాపల్లి వైపు వాళ్లకు ఇంటిల్లిపాదీ జొన్నకు మారడం మరీ కష్టం కాకూడదు. నల్లమల అంచున, వానను నమ్ముకున్న మెట్ట నేల ఇది. జొన్న ఇక్కడికి కొత్తగా వచ్చిన డైట్ కాదు. పల్నాడు వచ్చిన శ్రీనాథుడు ఈ జొన్నకూటికి విసుక్కున్నాడని చాటుపద్యాలు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చి పేదింట్లో పొయ్యి వెలిగించింది. అది చిన్న మేలు కాదు. అయితే తెల్లన్నం హోదాగా మారేకొద్దీ జొన్న పేదరికానికి గుర్తయింది. ఇప్పుడేమో రోగానికి గుర్తవుతోంది. నాకు బాధ కలిగించేది ఇదే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో 100 గ్రాముల జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములు, పాలిష్ బియ్యంలో 3 గ్రాముల లోపే. అలాగని జొన్న ఎంతైనా తినొచ్చని కాదు, అదీ పిండిపదార్థమే. షుగరు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు డాక్టరుకు చెప్పాకే తిండి మార్చాలి.

మూడు పూటలూ ఒక్కసారి మార్చకండి. రాత్రి పూట చాలు, కానీ ఇంట్లో అందరికీ. జొన్నరొట్టెకు వేడినీళ్లు పోసి పిండి బాగా మర్దించి, అరచేత్తో తట్టాలి. మొదటి పది రొట్టెలు విరుగుతాయి, విరగనివ్వండి. మండలంలోని తండాల్లో చెయ్యి తిరిగిన అమ్మలున్నారు, పక్కన కూర్చుని నేర్చుకోండి. అప్పటిదాకా సంకటి చేసుకోవచ్చు. పక్కన గోంగూర పప్పు, ఏదో ఒక కూర నిండుగా ఉండాలి. మనవాళ్లు జారిపోయేది ఇక్కడే: రొట్టె చప్పగా ఉందని ముద్దముద్దకూ పండుమిరప పచ్చడి అద్దుతారు. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాముల లోపు, అంటే ఒక చెంచాకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. పచ్చడిలో ఉప్పూ ఆ లెక్కలోదే.

ఎన్నాళ్లకు అలవాటవుతుంది? లండన్‌లో 96 మందిపై చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో కొత్త అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు చెడిపోలేదు. కాబట్టి కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లి అరిసెలు తిన్నారని కుంగిపోకండి. మర్నాడు రాత్రి మళ్లీ పెనం ఎక్కించండి.

పిల్లలు మొదట ముఖం తిప్పుకుంటారు. వేడి రొట్టెకు నెయ్యి రాసి, చిటికెడు బెల్లంపొడి చల్లి చుట్టి చేతికివ్వండి. వినుకొండ బజారుకు వెళ్లినప్పుడు రెండు కిలోల జొన్నలు తెండి. పిండి మాత్రం వారానికి సరిపడా ఆడించండి, పాతబడిన పిండితో రొట్టె సాగదు.